పంజరంలో మొదటి మూడు రాత్రులు

గడచిన మాఘమాసంలో ఒకనాటి రాత్రి నంద్యాల నుండి మా తమ్ముని కూతురు ఫోను చేసినది. ఇంటికి చిలుకపిల్ల వచ్చినదట. తెలిసినవారెవరో తెచ్చి ఇచ్చినారు. బజారులో కొత్త పంజరం కొని అందులో పెట్టినారు. మధ్యాహ్నం నుండి అది ఒక మూలకు ఒదిగి, ఈకలు పొంగించుకొని, పెడితే తినక, పిలిస్తే పలుకక కూర్చున్నదట. "పెదనాన్నా, చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మీకు చిలుక ఉండేదట గదా! అప్పుడు జేజి ఏమి చేసేది?" అని ఆ పిల్ల అడిగినది. గొంతులో ఏడుపు తెలుస్తున్నది.

నాకు ఒక్కసారే రెండు సమాధానాలు తోచినవి. ఒకటి మా జేజి చెప్పినది. రెండవది చట్టం చెప్పేది. ఆ రాత్రి మొదటి సమాధానమే చెప్పినాను. రెండవది మరునాడు చెప్పినాను. ఈ రెంటికీ నడుమ నిద్రపట్టని కొన్ని గంటలలో తిరగవేసిన పుస్తకాల ఫలితమే ఈ వ్యాసం. నేను చరిత్రకారుణ్ని కాను. పొరపాటులుంటే పెద్దలు దిద్దగలరు.

మొదట మా జేజి సంగతి. నంద్యాలకు నలభై కిలోమీటర్ల దూరంలో, అహోబిలం పోయే దారి చీలే ఊరు ఆళ్లగడ్డ. రాతిపని శిల్పులకు పేరు పడిన ఊరు. నా ఎనిమిదవ ఏట వేసవి మొదట్లో, చెట్లెక్కడంలో నేర్పరియైన ఒక మనిషి తువ్వాలలో ఆకులు పరచి రెండు చిలుకపిల్లలను మా జేజి ఇంటికి తెచ్చినాడు. వాటికి మెడచుట్టూ ఎర్రగీత ఇంకా రాలేదు. ఆ గీత మగవాటికే వస్తుంది, అదీ రెండుమూడేండ్ల ప్రాయానికి. కనుక పిల్లలలో ఆడమగ తెలిసే వీలు లేదు. ఆ మాట అప్పుడు మాకెవరికీ తెలియదు. రెండు పడుల జొన్నలిచ్చి, రెంటికీ మగపేర్లే పెట్టుకున్నాము.

జేజి పద్ధతి ఇది. పంజరాన్ని నడివాకిట వేలాడదీయరాదు, పిల్లి చూస్తుంది, గద్ద చూస్తుంది. పొయ్యి దగ్గర పెట్టరాదు, పొగ పడదు. మనుషులు మసలే గదిలోనే, కాని దారికి అడ్డం లేని చోట, వెనుకవైపు గోడ ఉండేటట్లు, ఇంచుమించు మనిషి ముఖమంత ఎత్తున, ఊగకుండా నిలపవలె. మూడు పక్కల పాత నూలుగుడ్డ కప్పి ఒక పక్క వదలవలె. కూర్చునేందుకు నున్నటి బద్ద కాక, బెరడు తీయని వేపకొమ్మ. పిల్ల కాలివేళ్లకు పట్టు దొరకవలె, ముక్కుకు పని దొరకవలె. మేత పెట్టే చోటు మార్చరాదు. నానిన శనగలు, జామపండు ముక్క, పచ్చిమిరపకాయ. పెట్టి, వెనుదిరిగి చూడకుండా వచ్చేయవలె.

అన్నిటికన్న పెద్ద ఆంక్ష మరొకటి. "దాన్ని ముట్టాకు అబ్బీ. దాని మొగంలోకి రెండు కండ్లతో చూడాకు. పక్కకు తిరిగి కూర్చోని నీ పని నువ్వు చేసుకో" అనేది. తాను పంజరానికి ఓరగా కూర్చొని వేరుశనగకాయలు ఒలుచుకుంటూ, ఎవరితోనో మాట్లాడుతున్నట్లు మెల్లగా ఏదో ఒకటి చెబుతూ ఉండేది. పొలం సంగతులు, పక్కింటి కోడలి సంగతులు. చిలుకకు చెప్పినట్లు చెప్పడమనే జాతీయం మనమంతా వాడుతాము గాని, దానిని కండ్లారా చూచినది నేనక్కడే. మూడవనాటి సాయంత్రానికి ఒక జామముక్క చువ్వల సందున పట్టుకుంటే, అది తానే వచ్చి అందుకోవలె. అందుకుంటే ఇల్లు తనదైనట్లు. అందుకోకుంటే ఇంకొక మూడు దినాలు.

ఈ చూపు సంగతి ఎంత సరియైనదో పెద్దయినాక తెలిసినది. చిలుక కండ్లు తలకు ఇరుపక్కల ఉంటవి. అది దేనినైనా పరికించవలెనంటే తల వంచి ఒక కంటితో చూస్తుంది. ఎదుటనుండి రెండు కండ్లూ తనమీదనే నిలిపి చూచేది దాని లోకంలో పిల్లి, గుడ్లగూబ, మనిషి. ఆ చూపుకు అర్థం ఒక్కటే.

జేజి పద్ధతిలో తప్పులూ లేకపోలేదు. పాలబువ్వ పెట్టేది. పాలలోని చక్కెరను పక్షులు అరిగించుకోలేవు. పంజరం గుండ్రనిది. ఒదిగి కూర్చునేందుకు మూల లేని ఇల్లు బెదిరిన పక్షికి ఇల్లు కాదని ఇప్పుడు తెలిసినవారు చెబుతున్నారు. ఉప్పు, నూనె తగిలినవి పెట్టరాదని మాత్రం ఆమెకు తెలుసు.

రెండవనాటి రాత్రి నేను జేజి మాట తప్పినాను. చలిగా ఉంటుందనుకొని ఒక పిల్లను తీసి నా దుప్పట్లో పెట్టుకున్నాను. దాని గుండె నా అరచేతిలో ఎంత వేగంగా కొట్టుకున్నదో ఇప్పటికీ జ్ఞాపకమే. తెల్లవారేసరికి చచ్చిపోయినది. జేజి నన్నేమీ అనలేదు. జామచెట్టు కింద పూడ్చిపెట్టి వచ్చి, "బెదురుకు సచ్చిపోయింది, ఆకలికి గాదు" అన్నది. రెండవది బతికినది. మేము నంద్యాలకు మారినప్పుడు బస్సులో నా ఒళ్లో ప్రయాణం చేసినది. కొత్త ఇంట మళ్లీ అదే మూడు రాత్రుల నియమం. చాలా ఏండ్లు మాతో ఉన్నది. "ఎవురొచ్చినారు?" అనేది. ఎవరూ రాకున్నా అనేది.

ఈ విద్య మా జేజికి ఎక్కడినుండి వచ్చినది? ఆమె చదువుకోలేదు. మన గ్రంథాలలో ఉన్నదేమోనని వెదకినాను. చిలుకకు మాటలు నేర్పడం గురించి కావలసినంత ఉన్నది. కామసూత్రంలోని అరువదినాలుగు కళల జాబితాలో శుకశారికలను పలికించడం ఒకటి. నాగరకుని దినచర్యలో భోజనానంతరం చేయదగిన పని కూడ అదే. అతని పడకటింటి వెలుపల క్రీడాపక్షుల పంజరాలుండవలెనని వాత్స్యాయనుడు చోటు సైతం చెప్పినాడు. కౌటిల్యునికి చిలుక ముద్దుపలుకులతో పని లేదు. రాజాంతఃపురంలో చిలుక, గోరువంక, భృంగరాజము ఉంచితే, పామువిషం ఉన్నదని శంక కలిగినప్పుడు అవి అరచునని అర్థశాస్త్రం చెబుతున్నది. అంటే అక్కడ పంజరం కావలివాని గుడిసె. శంకరాచార్యులు మండనమిశ్రుని ఇల్లెక్కడని అడిగితే, ఏ వాకిట పంజరపు చిలుకలు ప్రమాణవాదం చేస్తుంటవో అదే ఆయన ఇల్లని చెప్పినారన్న కథ శంకరవిజయంలో ఉన్నది. ఇంటి యజమాని పాండిత్యానికి చిలుక కొలబద్ద అయినది.

పరదేశీయులకు మన చిలుక మరీ అబ్బురం. క్రీస్తుకు పూర్వం 400 ప్రాంతంలో పారశీక చక్రవర్తి కొలువులో వైద్యుడైన క్టీసియస్ అనే గ్రీకువాడు, హిందూదేశపు పక్షి ఒకటి హిందువుల భాష మాట్లాడుతుందనీ, నేర్పితే గ్రీకు కూడ మాట్లాడుతుందనీ వ్రాసినాడు. అలెగ్జాండరు వెంట వచ్చినవారు చిలుకలను వింతగా చెప్పుకున్నారు. భుజంమీద ఎర్రమచ్చ ఉండే పెద్దజాతి చిలుకకు ఇంగ్లీషులో నేటికీ అతని పేరే. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమను పండితుడు ప్లినీ ఇంకొంచెం ముందుకు పోయి శిక్షణావిధానం కూడ వ్రాసినాడు. దీని తల ముక్కంత గట్టిదట. మాటలు నేర్పేటప్పుడు ఇనుపకడ్డీతో తలమీద కొట్టవలెనట, లేకుంటే దెబ్బ తెలియదట! మెడచుట్టూ ఎర్రని వలయం ఉన్న ఆకుపచ్చని పక్షి అని అతడిచ్చిన వర్ణనను బట్టి అది మన చిలుకయే. సముద్రాలు దాటి పోయి రోమునగరంలో ఇనుపకడ్డీ దెబ్బలు తిన్నదన్నమాట.

ఇన్నిటిలోనూ నాకు కనబడినది ఒకటే. మాటలు నేర్పడం ఒక కళగా గ్రంథాలకెక్కినది. బెదురు తీర్చడం మాత్రం ఎక్కలేదు. మాట వస్తే దర్బారులో మెప్పు, బెదురు తీరితే మెచ్చేవారెవరు? కనుక ఆ రెండవ విద్య వేరుశనగకాయలు ఒలుచుకునే జేజుల నోటనే నిలిచి ఉండవలె.

అని అనుకుంటూండగా కాదంబరి జ్ఞాపకం వచ్చినది. ఏడవ శతాబ్దంలో హర్షుని ఆస్థానకవి బాణుడు మొదలుపెట్టి, ముగించకుండానే మరణించగా, కొడుకు పూర్తిచేసిన కథ అది. కథ చెప్పేది వైశంపాయనుడనే చిలుక. చండాలకన్య ఒకతె బంగారు పంజరంలో పెట్టి శూద్రకమహారాజు కొలువుకు తెచ్చినప్పుడు తన చరిత్ర తానే చెబుతుంది. వింధ్యాటవిలో పెద్ద బూరుగచెట్టు తొర్రలో పుట్టినది. వేటమూకతో కలిసి ముందుకు పోలేని ముసలి శబరుడొకడు ఆ చెట్టెక్కి, కాయలు కోసినట్లు తొర్రలలోని పిల్లలను తీసి, చంపి కిందికి విసరివేస్తాడు. తండ్రిపక్షి రెక్కల కింద దాగిన ఈ పిల్ల, తండ్రి శవంతోబాటు ఎండుటాకులమీద పడి బతుకుతుంది. పిల్లలను తొర్రనుండి తీయడాన్ని తీసేవాని కంటితో కాక తొర్రలోపలి కంటితో చూచిన రచన ఇది. మా జేజి ఇంటికి తువ్వాలలో వచ్చిన పిల్లల సంగతి నేను మొదటిసారి ఆ వైపునుండి ఆలోచించినది ఈ ఘట్టం చదివినప్పుడే.

అంతకన్న నాకు ముఖ్యమైనది ఉత్తరభాగంలో ఉన్నది. మునిపల్లెలో పెరిగిన ఆ చిలుక ఎగిరిపోతూ ఉచ్చులో చిక్కుతుంది. చండాలవాటికకు తెచ్చి కొయ్యపంజరంలో వేస్తారు. అప్పుడది మాట్లాడరాదని నిశ్చయించుకుంటుంది. మాట్లాడితే, దీనికి మనుష్యవాక్కు ఉన్నదని మరింత భద్రంగా బంధిస్తారు, మౌనంగా ఉంటే విసిగి విడిచిపెడతారేమో నని ఆశ. తిండి ముట్టదు, నీరు ముట్టదు. దానికి కారణం బెదురు మాత్రమే కాదు, కులం కూడ. పూర్వజన్మలో తాను బ్రాహ్మణుడు. ఆ చండాలకన్య కోపించదు. పండ్లు, చల్లని నీరు తన చేతులతో తెచ్చి పెడుతుంది. ఆకలిదప్పులు గల పశుపక్షులకు ఈ విచారాలు తగవని, పండ్లకూ నీటికీ దోషం లేదని మెల్లగా నచ్చచెబుతుంది. తుదకది తింటుంది. కాని మౌనం విడువదు. అలా పెరిగి పెద్దదై ఒక ఉదయాన కన్ను తెరచి చూస్తే కొయ్యపంజరం బంగారు పంజరమై ఉంటుంది.

కొత్త పంజరంలో తినని చిలుక గురించి ఇంత వివరంగా వ్రాసిన పాత రచన నాకు మరొకటి కనబడలేదు. మా పిల్ల ఫోనులో చెప్పిన లక్షణాలన్నీ అందులో ఉన్నవి. ఒదిగి కూర్చోవడం, తినకపోవడం, పలుకకపోవడం. తేడా ఏమిటంటే, మనం బెంగ అనుకునేదానిని ఆ కవి నిర్ణయం అన్నాడు. తిండి పెట్టే చేయి ఎంత మెత్తనిదైనా, తిన్నంతమాత్రాన మౌనం విడువలేదన్నాడు.

ఇక నంద్యాలకు వస్తాను. వైశంపాయనుని తరువాత మన భాషలో నేను చెప్పదలచిన చిలుక నంద్యాలతోనే ముడిపడినది. పదహారవ శతాబ్దపు నడుమ పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చినాడు. విజయనగరపు ఆరవీటివారి దాయాదులైన నంద్యాలవారు ఈ సీమను ఏలుతున్న కాలమది. ఆ కావ్యంలోని చిక్కుముడులను విప్పడం నా పని కాదు, విప్పితే చదవనివారికి అన్యాయం. ఒక్కటి చెబితే చాలు. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథను ఆమె పెంపుడుచిలుక విన్నది. ఆ చిలుకయే శాపవశాన ద్వారకలో కలభాషిణి అనే వేశ్యగా పుట్టినది. కావ్యమంతా ఎవరు ఎవరి కథను ఎక్కడ విన్నారన్న దానిమీద నడుస్తుంది. దానికంతటికీ మూలంలో ఒక పెంపుడుచిలుక చెవి ఉన్నది. ఇంట్లో చిలుక ఉన్నవారికి ఇది కల్పనగా తోచదు. దానికి వినబడకుండా ఇంట్లో ఏమీ జరుగదు. మా ఇంట పెద్దలు మాట్లాడుకునే అప్పుల సంగతులన్నీ మా చిలుకకు తెలుసు. అదృష్టవశాత్తు "ఎవురొచ్చినారు" తప్ప మరొకటి పలుకలేదు.

సూరన మాటలాడే పక్షులను విడువలేదు. ప్రభావతీప్రద్యుమ్నంలో శుచిముఖి అనే హంస రాయబారం నడుపుతుంది. ఇక శుకసప్తతి ఉండనే ఉన్నది. మగడు ఊళ్లో లేనప్పుడు గడప దాటబోయిన ఇల్లాలిని చిలుక రాత్రికొక కథ చెప్పి ఆపుతుంది. 1330లో నఖ్షబీ దానిని పారశీకంలో తూతీనామాగా వ్రాసినాడు, తెలుగులో పాలవేకరి కదిరీపతి పద్యకావ్యం చేసినాడు. పంజరంలో బందీయైన పక్షి మరొకరిని ఇల్లు కదలనీయకుండా కాపలా కాయడంలోని వింత ఆ కథకులకు తోచినదో లేదో గాని, నాకు మాత్రం ఎప్పుడూ తోస్తుంది.

కావ్యాలలోని చిలుక ఇది. పొలంలోని చిలుక వేరు. నంద్యాల చుట్టూ నల్లరేగడి. జొన్న, పత్తి, శనగ, కుందూనది చెంతన కర్నూలు–కడప కాలువ కింద వరి. 1906లో స్థాపించిన వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఇక్కడ ఉన్నది. నంద్యాల తెల్లజొన్న పేరుతో వంగడాలు వచ్చినది అక్కడినుండే. తరువాతి కాలంలో పొద్దుతిరుగుడు వచ్చినది. చిలుకల దృష్టిలో పొద్దుతిరుగుడు చేను పెండ్లివిందు. పువ్వుమీద తలకిందులుగా వేలాడి గింజగింజా ఒలిచి తింటవి. తిన్నంత తిని, కొరికినంత కొరికి పారవేస్తవి. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పి, డబ్బా కొట్టి, గొంతు చించుకొని అరచి వాటిని తోలడం నా వయసు పిల్లలందరి సెలవుదినాల పని. పగలు వడిసెలతో రాయి విసరినది చిలుకమీదనే. రాత్రి ఇంటికి వచ్చి జామపండు కోసి పెట్టినది చిలుకకే. ఆ రెండు పక్షులూ ఒకటేనన్న ధ్యాస నాకు ఒక్కనాడూ కలుగలేదు. చేలోది దొంగ, పంజరంలోది బిడ్డ. నడుమ ఉన్నది పిడికెడు ఇనుపతీగ.

అహోబిలం దారిలో ఈ రెండు లోకాలూ కలుస్తవి. ఒక పక్క పొలాలు, ఎదురుగా నల్లమల. జనవరి నుండి ఏప్రిలు వరకు చిలుకలు చెట్లతొర్రలలో గుడ్లు పెట్టి పిల్లలను సాకే కాలం. గుడ్డునుండి ఎగిరేదాకా పిల్ల దాదాపు ఏడువారాలు తొర్రలో ఉంటుంది. పట్టేవారు దానిని ఎగరకముందే తీయవలె, తల్లిదండ్రుల నోటిమేత తప్ప మరేదీ ఎరుగని వయసులో. అమ్మకానికి వచ్చే చిలుకపిల్లలన్నీ అందుకే ఇంత చిన్నవి. అందుకే అన్ని చనిపోతవి. మా జేజి మూడు రాత్రుల విద్య అంతా ఈ ఒక్క పనికి చికిత్స. తొర్రనుండి తీయకుంటే ఆ విద్యతో అవసరమే లేదు. ఇది ఆమెకు తెలియదని నేననుకోను. జొన్నలు కొలిచి ఇస్తూ ఆ మనిషిని "తల్లి అరిసిందా?" అని అడిగినది. అతడు బదులు చెప్పలేదు.

తెలిసినదనడానికి ఇంకొక కారణం కూడ ఉన్నది. కంచెర్ల గోపన్న గోలకొండ చెరసాలలో పన్నెండేండ్లు మగ్గినది, పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండేండ్లు పంజరంలో బంధించినందుకేనని తెలుగునాట ఎరుగనివారు లేరు. తానీషా 1672లో గద్దెనెక్కినాడు, 1687లో గోలకొండ మొగలాయిలకు చిక్కినది. పన్నెండేండ్ల లెక్క అందులో సరిగ్గా ఇముడుతుందో లేదో పరిశోధకులు తేల్చవలె. నాకు పట్టినది లెక్క కాదు. భద్రాచలంలో గుడి కట్టించినవానికి రామభక్తి సైతం తప్పించలేని పాపమేదని వెదకినప్పుడు, ఈ కథ చెప్పుకున్న జనానికి దొరికినది హత్య కాదు, దొంగతనం కాదు. ప్రతి వీధిలోనూ, తమ తమ చూరుల కిందనే వేలాడుతున్న పంజరం. మా జేజి ఆ కథ మాకు చెప్పేటప్పుడు పంజరంవైపు చూచేది కాదు.

శాసనం మన ఇంటి గడపకు చాలా ఆలస్యంగా వచ్చినది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినది. మన చిలుకలు అందులోని నాలుగవ షెడ్యూలులో ఉండేవి. 1990–91 నాటికి దేశీయ పక్షుల పట్టివేతనూ అమ్మకాన్నీ మొత్తంగా నిషేధించినారు. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్లను తిరిగి కూర్చినప్పుడు చిలుకలు రెండవ షెడ్యూలులోకి ఎక్కినవి. దుకాణాలలో కనబడే రంగురంగుల చిన్నపక్షులు, లవ్‌బర్డ్సని మనం పిలిచేవి, పరదేశపు జాతులు. వాటి దారి వేరు. మన ఆకుపచ్చని రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట ఉంచుకోవడం అన్నీ నేరాలే. చిలుకజోస్యం చెప్పేవారు దీనివలన బతుకుతెరువు పోగొట్టుకున్నారు. రెక్క కత్తిరించిన చిలుకచేత చీటీ తీయించి పిల్లల కడుపు నింపుకున్నవారి కష్టం చిన్నది కాదు. అయినా చట్టం తప్పనలేను. అడవిలో గూడు దోచుకోబడేది జోస్యుని పేదరికాన్ని చూచి ఆగదు.

ఈ నేరం తెలిసి చేసేవారికన్న తెలియక చేసేవారే ఎక్కువ. కొందరు తెలిసిన పిమ్మట భయపడి, పంజరం తలుపు తీసి, పిల్లను మిద్దెమీద వదిలేస్తారు. అది అన్నిటికన్న చెడ్డ పని. మేత వెదుక్కోవడం రాని పిల్ల సాయంత్రానికే కాకుల పాలవుతుంది. పంజరాలనుండి జారిన మన చిలుకలు లండనులోనూ, 1974లో వదలిన కొన్ని పదులు బ్రస్సెల్సులోనూ వేలకు వేలై స్థిరపడినవని విని మురిసిపోయి, ఇక్కడ ఎగరలేని పిల్లను గాలికి వదలరాదు.

అందుకని ఆ రాత్రి ఫోనులో జేజి చెప్పినదంతా మొదట చెప్పినాను. గోడవైపు జరుపు. మూడు పక్కల గుడ్డ కప్పు. గిన్నె చోటు మార్చకు. వేపకొమ్మ లేదంటే జామకొమ్మ. పాలు వద్దు. నీ తమ్ముణ్ణి చేయి పెట్టనీయకు, చలి వేస్తుందని జాలిపడి దుప్పట్లో పెట్టుకోనీయకు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు నా గొంతు మారినదని ఆ పిల్ల తరువాత అన్నది.

మరునాటి ఉదయం రెండవ సమాధానం చెప్పినాను. అది నీది కాదమ్మా, ఉంచుకోరాదు, అటవీశాఖవారికి అప్పగించవలె నన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత, "మరి నేను రాత్రంతా పక్కకు తిరిగి కూర్చొని లెక్కల పుస్తకం చదివినాను పెదనాన్నా. తెల్లవారుజామున శనగగింజ తిన్నది. అలవాటు పడుతున్నదిప్పుడే" అన్నది. అలవాటు పడుతున్నందుకే తొందరపడవలెనని చెప్పడం నాకు కష్టమైనది. ఇచ్చేదాకా నీవు చేస్తున్నది చేస్తూ ఉండమన్నాను. పంజరంలో నిలదొక్కుకోలేని పిల్ల ప్రయాణానికీ నిలువదు, అడవికీ నిలువదు.

రెండు దినాల తరువాత వారి నాన్న బండిమీద పంజరంతో సహా తీసుకొనిపోయి అప్పగించినాడు. పంజరం తిరిగి ఇచ్చినారట. ఈ పిల్ల వెంట పోలేదు. చువ్వల సందున జామముక్క అందుకున్నదా అని అడిగితే, బయలుదేరే ముందు అందుకున్నదని చెప్పినది.

మొన్న ఉగాదికి నంద్యాల పోయినప్పుడు చూచినాను. ఆ పంజరం వంటింటి కిటికీ దగ్గర ఉన్నది. అందులో ఉల్లిగడ్డలు పోసినారు. తలుపు తీసే ఉన్నది.